వైనో పేరు పక్కన గీత

మిషిగన్ రాష్ట్రం పటంలో రెండు ముక్కలుగా ఉంటుంది. కింది ముక్క చేతి తొడుగులా ఉంటుందని ఇక్కడి బడిపిల్లలు అరచెయ్యి చూపించి మరీ చెబుతారు. పై ముక్క దానికి అంటుకోకుండా విస్కాన్సిన్ నెత్తిన కూర్చుని, సుపీరియర్ సరస్సులోకి కొమ్ములా పొడుచుకుని ఉంటుంది. నయాగరా చూసివచ్చిన తెలుగువాళ్ళు చికాగో పక్కనున్న మా షామ్‌బర్గ్‌లో ఏ వీధిలో అడిగినా దొరుకుతారు. ఆ కొమ్ము మీదున్న హాన్‌కాక్ చూసివచ్చినవాళ్ళు మాత్రం నాకు ఇంతవరకూ తగల్లేదు. మేము కూడా చూడ్డానికి వెళ్ళలేదు. ఒక చుట్టరికం నిజమో కాదో తేల్చడానికి వెళ్ళాం.

ఆ చుట్టరికం మాది కాదు. మా పక్కింటి గలీనా గారిది.

గోడ అవతల

గలీనా గారు రిటైరైన నర్సు. ఉత్తర రష్యాలో, అర్ఖాంగెల్స్క్ ప్రాంతంలోని ఒక ఏటి ఒడ్డు పల్లెలో పుట్టారు. చాలా ఏళ్ళ కింద భర్తతో ఇక్కడికి వచ్చారు. భర్త పోయారు, పిల్లలు లేరు. మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య ఒకటే గోడ. మేము మిరపకాయలు వేయిస్తే ఆవిడ తుమ్ముతారు. ఆవిడ క్యాబేజీ ఊరబెడితే మాకు తెలిసిపోతుంది.

ఎవరో స్నేహితురాలు ఆవిడకు డీఎన్‌ఏ పరీక్ష పెట్టె బహుమతిగా ఇచ్చింది. గొట్టంలో ఉమ్మి పోసి పంపితే మన పూర్వీకులు ఏ వైపు వాళ్ళో చెబుతారు. ఫలితం వచ్చిన రోజు ఆవిడ మా తలుపు కొట్టిన తీరుకు నా భార్య సుజాత పొయ్యి కట్టేసి పరుగెత్తింది.

"ప్రొఫెసర్! నాలో ఇంత ఫిన్లాండ్ ఉందట. నాలో! మా పల్లెలో ఫిన్లాండ్ వాడి టోపీ కూడా ఎవరూ చూడలేదు. నా డబ్బాలో ఎవరిదో ఉమ్మి కలిసింది."

నేను ప్రొఫెసర్‌ని కాను, బీకాం చదివాను. సుజాత వీసా మీద ఈ దేశం వచ్చి, నాకు ఉద్యోగం చేసే అనుమతి లేని ఏళ్ళలో లైబ్రరీలో కూర్చుని సంఖ్యాశాస్త్రం నాకు నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు ఒక మందుల గోడౌన్‌లో స్టాకు లెక్కలు చూస్తాను. సెలవు రోజుల్లో జనాల జన్యువుల లెక్కలు వేసుకుంటాను. కొందరు చదరంగం ఆడుకుంటారు కదా, అలాగే.

గలీనా గారిని కూర్చోబెట్టి నా కంప్యూటర్‌లో ఒక పటం చూపించాను. పరిశోధకులు అందరికీ తెరిచి పెట్టిన నమూనాలతో గీసుకున్నది. ఒక్కో మనిషికి ఒక్కో చుక్క. జన్యువులు ఎంత దగ్గరైతే చుక్కలు అంత దగ్గర. దక్షిణ రష్యా వాళ్ళ చుక్కలు ఉక్రెయిన్, బెలారస్, పోలండ్ చుక్కల్లో కలిసిపోతాయి. అర్ఖాంగెల్స్క్ రష్యన్లవి వాళ్ళ పక్కన ఉండవు. పైకి జరిగి కరేలియన్లు, వెప్స్‌లు, కోమీలు, ఫిన్లాండ్ వాళ్ళ వైపు వాలి ఉంటాయి. వీళ్ళంతా ఫిన్నో-ఉగ్రిక్ భాషలవాళ్ళు. ఆ భాషలకూ రష్యన్‌కూ పుట్టుకలో సంబంధం లేదు, మన తెలుగుకూ హిందీకీ లేనట్టే.

"అంటే నేను రష్యన్‌ని కాదా?" అన్నారు గలీనా గారు.

"పూర్తిగా రష్యనే. కాకపోతే మీ ముత్తవ్వల ముత్తవ్వలు వేరే భాషలో జోలపాట పాడి ఉంటారు. రష్యన్ భాష ఉత్తరానికి వచ్చింది. అక్కడున్నవాళ్ళు మెల్లగా అది మాట్లాడడం మొదలుపెట్టారు. మనుషులు కొంత కలిశారు, చాలామంది ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు."

ఆవిడ పటాన్ని చాలాసేపు చూసి, "నా చుక్క ఏది?" అన్నారు. చూపించాను. "ఒంటరిగా ఉంది," అన్నారు.

ఆ ఒక్క మాట వల్లే నేను ఆవిడ ఫలితాన్ని ఇంకో సైటులో కూడా పెట్టాను. ఇతరుల ఫలితాలతో పోల్చి ఎవరితో ఎంత కలుస్తుందో చెప్పే సైటు అది. అక్కడ తగిలింది క్రిస్టీ. హాన్‌కాక్‌లో బడిపంతులమ్మ. గలీనా గారితో ఆమెకు కలిసిన డీఎన్‌ఏ మొత్తం చూసి నేను కుర్చీలోంచి లేచాను.

మేము రాస్తే వాళ్ళు బదులు రాశారు. క్రిస్టీ నానమ్మ పేరు ఐలీ. ఎనభై దాటిన మనిషి, ఫిన్లాండ్ నుంచి రాగి గనుల్లో పనికి వచ్చినవాళ్ళ సంతతి. ఐలీ గారి మేనమామ వైనో. 1930లలో, ఇక్కడ పనులు పోయిన రోజుల్లో, ఫిన్లాండ్ పక్కనున్న సోవియట్ కరేలియాలో తమ భాష మాట్లాడే కొత్త దేశం కడుతున్నారని నమ్మి ఈ ప్రాంతపు ఫిన్లాండ్ వాళ్ళు చాలామంది ఓడలెక్కి వెళ్ళారు. వైనో రంపం, గొడ్డలి పట్టుకుని వెళ్ళాడు. కొన్నాళ్ళు కబుర్లు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. ఐలీ గారి తల్లి, కుటుంబపు సమాధి రాయి మీద తన అన్న పేరు చెక్కించి, పుట్టిన ఏడు వేయించి, పక్కన చిన్న గీత గీయించి, ఆ తర్వాత ఖాళీ వదిలేసింది.

ఇక గలీనా గారి వైపు కథ. వాళ్ళ అమ్మ తండ్రి ఎవరో ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. కలప కొట్టే చోటికి వచ్చిన పరాయివాడని, రష్యన్ సరిగా రాదని, 1938లో పోలీసులు పట్టుకుపోతే మళ్ళీ రాలేదని మాత్రం పల్లెలో అనేవారు.

రెండు కథలూ పక్కపక్కన పెడితే ఎవరికైనా ఆ పరాయివాడు వైనోనే అనిపిస్తుంది. వైనో మనవరాలు గలీనా అయితే క్రిస్టీతో ఎంత కలవాలో నేను లెక్కవేశాను. కలిసిన మొత్తం ఆ హద్దుల్లోనే ఉంది. "కుదురుతోంది" అని రాసేశాను. ఐలీ గారు వెంటనే ఫోన్ చేశారు. శుక్రవారం రాయి చెక్కే మనిషి వస్తున్నాడట. 1938 అని వేయిస్తారట. తను పోయేలోపు ఆ ఖాళీ నిండాలట. గలీనా దగ్గరుండాలట.

విస్కాన్సిన్

సుజాత డ్రైవ్ చేసింది. నేను పక్కన, గలీనా గారు వెనక సీట్లో. ఆవిడ ఒడిలో ఊరబెట్టిన క్యాబేజీ సీసా. డిక్కీలో పెట్టమంటే ఒప్పుకోలేదు. డిక్కీలో మా గోంగూర పచ్చడి సీసాలు ఉన్నాయి, "అవి దాన్ని చెడగొడతాయి" అన్నారు.

"బావా, ఆ లెక్కలు ఆపి ఎగ్జిట్ చూడు. ఇందాక ఒకటి మిస్ అయ్యాం," అంది సుజాత. సుజాత నాకు మేనమామ కూతురు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా బావే.

విస్కాన్సిన్‌లో పెట్రోలు బంకులో కూడా జున్ను ముక్కలు అమ్ముతారు. మన జున్నులా తియ్యగా, మెత్తగా ఉండవు. పంటి కింద రబ్బరు చెప్పులా కీచుమంటాయి. కీచుమంటేనే తాజా అట. సుజాత ఒకటి నమిలి, "ఇది మాట్లాడుతోంది" అని మిగతావి గలీనా గారికి ఇచ్చేసింది. ఆవిడ పొట్లం మొత్తం ఖాళీ చేశారు.

ఉత్తరానికి వెళ్ళేకొద్దీ మొక్కజొన్న చేలు పోయి తెల్ల బెరడు చెట్లు వచ్చాయి. గలీనా గారు కిటికీ అద్దం దించి ఆ చెట్లనే చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి, "మా ఊరు ఇలాగే ఉంటుంది. ఇన్నాళ్ళూ ఇంత దగ్గర్లో ఉంటే ఎవరూ చెప్పలేదు," అన్నారు.

మిషిగన్‌లోకి రాగానే పాస్టీ తిన్నాం. అరచెయ్యంత పెద్ద కజ్జికాయ అనుకోండి. లోపల కొబ్బరికి బదులు మాంసం, దుంపలు. కూరగాయలదీ ఉంది, మేము అది తిన్నాం. షామ్‌బర్గ్‌లో ఒక మసాలా దోసె డబ్బుకు పాస్టీ, మీద కాఫీ కూడా వస్తాయి. ఇది ఫిన్లాండ్ వంటకమా అని అడిగితే కొట్టు ఆవిడ నవ్వింది. "ఇంగ్లండ్ దక్షిణ కొసన కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని పనివాళ్ళది. మా తాతలు గనిలో వాళ్ళ పక్కన కూర్చుని తింటూ నేర్చుకున్నారు. ఇప్పుడు మాదేనంటాం." ఆ మాట నేను అప్పుడే పట్టించుకుని ఉండాల్సింది.

వంతెన దగ్గర తమ్ముడు

హాన్‌కాక్‌కు ముందు హౌటన్ అనే ఊరు వస్తుంది. రెండింటి మధ్య నీళ్ళు, వాటి మీద నడిమి భాగం పైకి లేచే ఇనుప వంతెన. మేము కారు ఆపి చూస్తుంటే వెనక నుంచి తెలుగు వినిపించింది.

"అన్నా, మనోళ్ళేనా? చికాగో దిక్కు నుంచి వస్తున్నరా?"

అక్కడి యూనివర్సిటీలో ఎంఎస్ చేస్తున్న కుర్రాడు. పేరు సాయికిరణ్, ఊరు నల్గొండ. నంబరు ప్లేటు చూసి పట్టాడట.

"ఏం చదువుతున్నావు? ఇంటర్న్‌షిప్ వచ్చిందా?" అంది సుజాత.

"అప్లై చేస్తనే ఉన్న వదినా. మంచు కురిసినట్టే రిజెక్షన్లు పడుతున్నయ్." అని ఆగి, "వదినా, అడుగుతున్నానని అనుకోవద్దు, పచ్చడి ఏమన్న తెచ్చిన్రా?" అన్నాడు.

సుజాత డిక్కీ తెరిచింది. రెండు గోంగూర సీసాల్లో ఒకటి దారిలో కారి తువ్వాలంతా నూనె చేసింది. మిగిలినది అతనికి ఇచ్చేశాం. పండగ చేసుకుంటూ వెళ్ళిపోయాడు.

అతను అన్నా, వదినా అన్న సంగతి సుజాత చెప్పగానే, "మీ చుట్టమా?" అని అడిగారు గలీనా గారు.

"కాదు ఆంటీ, ఇప్పుడే చూశాం."

"మరి అన్నా వదినా అన్నాడన్నావు."

"మాలో అంతే. వరస కలుపుకుంటాం. పేరు పెట్టి పిలిస్తే బావుండదు, ఏమీ అనకుండా ఉంటే ఇంకా బావుండదు. ఏదో ఒక వరస పెట్టి పిలిస్తే సరిపోతుంది."

"ఏ పరీక్షా లేకుండా?" అన్నారు గలీనా గారు నావైపు చూస్తూ.

ఐలీ గారి వంటిల్లు

హాన్‌కాక్‌లో వీధుల పేర్లు ఇంగ్లీషు కింద ఫిన్లాండ్ భాషలోనూ రాసి ఉంటాయి. ఐలీ గారి ఇల్లు ఊరు దాటాక, చిన్న పొలంలో ఉంది. గుమ్మంలో నిలబడి ఉన్నారు. సన్నటి మనిషి, తెల్లటి పొట్టి జుట్టు. కౌగిలింతలు లేవు. గలీనా గారి ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూశారు.

"గడ్డం మా అమ్మది," అన్నారు. "కాఫీ తాగుతారా?"

ఆ ఇంట్లో కాఫీకి వేళ లేదు. కెటిల్ చల్లారడం నేను చూడలేదు. మన ఇళ్ళలో వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చినట్టు వాళ్ళు కాఫీ ఇస్తారు. కప్పు ఖాళీ అయితే అడక్కుండా నింపుతారు. వద్దనాలంటే కప్పు మీద చెయ్యి పెట్టాలట. నాకు క్రిస్టీ చెప్పేలోపు మూడు కప్పులు లోపలికి వెళ్ళాయి.

పక్కింటివాళ్ళ గురించి అడిగాను. "లెంపీ ఉంది," అన్నారు ఐలీ గారు కిటికీలోంచి ఒక ఎర్ర కొట్టం చూపిస్తూ. "చర్చిలో జున్ను పోటీ జరిగినప్పుడు నా జున్ను రబ్బరులా ఉందంది. అప్పట్నుంచి మాటల్లేవు."

"అది జరిగింది నేను పుట్టకముందు," అంది క్రిస్టీ.

"జున్ను మంచిదే," అన్నారు ఐలీ గారు.

మధ్యాహ్నం ఐలీ గారు గోధుమలాంటి రై ధాన్యపు పిండితో పల్చటి రొట్టెలు ఒత్తి, మధ్యలో అన్నపు జావ పెట్టి, అంచులు చిన్న చిన్న మడతలుగా నొక్కడం మొదలుపెట్టారు. గలీనా గారు నిలబడి చూశారు. తర్వాత ఏమీ అడక్కుండా చేతులు కడుక్కుని ఇంకో రొట్టె తీసుకుని తనూ నొక్కారు. అవే మడతలు, అదే కోలాకారం. ఇద్దరి వేళ్ళూ ఒకే వేగంతో కదిలాయి.

"మా అమ్మమ్మ వీటిని కలీత్కీ అనేది. లోపల ఆలుగడ్డ పెట్టేది," అన్నారు గలీనా గారు.

ఐలీ గారు పిండి చేతులతోనే క్రిస్టీ వైపు తిరిగి, "చూశావా?" అన్నారు.

నేనూ సంతోషపడ్డాను. నా లెక్క రొట్టె అంచు మీద కనిపిస్తున్నట్టే అనిపించింది. పక్కన కూర్చుని నేర్చుకున్నారన్న పాస్టీ కొట్టు ఆవిడ మాట మళ్ళీ ఒకసారి లోపల మెదిలింది గానీ ఆ వాసనలో దాన్ని పక్కన పెట్టేశాను.

సాయంత్రం ఆవిరి గది. పెరట్లో చెక్క గది, లోపల వేడి రాళ్ళు. ముందు ఆడవాళ్ళు వెళ్ళారు. సుజాత నైటీతో వెళ్ళిందట. ఐలీ గారు "బట్టలు ఉడకబెడతావా?" అని విప్పించి తువ్వాలు ఇచ్చారట. "ఆకుల కొమ్మలు కట్ట కట్టి ఒకరి వీపు మీద ఒకరు కొట్టుకున్నారు బావా. నన్నూ కొట్టారు. మా నాయనమ్మ తలంటి పోసినప్పుడు కూడా ఇంత ఉతకలేదు," అంది బయటికి వచ్చి. మొహం మాత్రం వెలిగిపోతోంది. తర్వాత నేను ఒక్కణ్ణే వెళ్ళి పై బల్ల మీద కూర్చుని, రాళ్ళ మీద నీళ్ళు పోసి, తలుపు వెతుక్కున్నాను.

భోజనం బల్ల

అక్కడ వేసవిలో భోజనం వేళకు కూడా ఎండ ఉంటుంది. అందరం బల్ల చుట్టూ కూర్చున్నాక క్రిస్టీ మర్యాదకు అడిగింది. "మీరిద్దరూ ఎలా కలిశారు?"

"కలవడమేంటి? నేను పుట్టినప్పుడు అక్కడే ఉన్నాడు," అంది సుజాత. "మా నాన్నా, వాళ్ళమ్మా అన్నాచెల్లెళ్ళు."

క్రిస్టీ ఫోర్కు గాల్లో ఆగింది. ఐలీ గారు కప్పు దించారు.

"చట్టం ఒప్పుకుంటుందా?" అన్నారు.

"చట్టం సంగతి ఎవరడిగారండీ? ముసలామె ఒప్పుకుంది. నాకు నాయనమ్మ, ఈయనకు అమ్మమ్మ. ఇద్దరికీ ఆవిడే. ఆవిడ మాటే చట్టం."

గలీనా గారు పొట్ట పట్టుకుని నవ్వారు. క్రిస్టీ మాత్రం పంతులమ్మ. మాకు ఒక అమ్మాయి ఉందని విని, కాగితపు రుమాలు మీద గీతలు గీసి లెక్కపెట్టింది. "మీ అమ్మాయికి ముత్తాతలు, ముత్తవ్వలు కలిపి ఎనిమిదిమంది ఉండాలి. ఆరుగురే వస్తున్నారు. అంటే ఆ ఇద్దరి నుంచి రెండు దారుల్లో వస్తుందన్నమాట."

"అవును, మా అమ్మాయి పరీక్ష చేయించుకుంటే నా చెల్లెలి కొడుకుతో మామూలుకంటే ఎక్కువ..." అంటూ నేను నవ్వబోయి ఆగిపోయాను.

రొట్టె గొంతులో అడ్డం పడింది. సుజాత వీపు మీద చరిచింది. కష్టపడి మింగి, క్రిస్టీని అడిగాను. "ఈ ఊళ్ళో ఇంకెవరితోనైనా నీకు కలుస్తుందా?"

"సగం ఊరితో. అందరం ఫిన్లాండ్ వాళ్ళమే కదా అనుకున్నాను."

"మా పాత పల్లెలు అంతేనయ్యా," అన్నారు ఐలీ గారు. "అడవుల మధ్య ఐదారు ఇళ్ళు. చలికాలంలో పిల్ల కావాలంటే పక్క పల్లె దాకానే పోగలరు."

నేను ఫోను తీసి, ఇంటి దగ్గరే చూసి ఉండాల్సింది అప్పుడు చూశాను. మొత్తం కాదు, ముక్కలు. దగ్గరి చుట్టరికమైతే కలిసిన డీఎన్‌ఏ కొన్ని పొడవాటి ముక్కలుగా ఉండాలి. తరం తరానికీ అవి తెగుతూ పోతాయి. గలీనా గారికీ క్రిస్టీకీ కలిసినవన్నీ పొట్టి ముక్కలే, పొడవైనది ఒక్కటీ లేదు. మా గోడౌన్‌లో పది మాత్రల అట్ట ఒకటీ, పది డబ్బాల్లోంచి రాలిన విడి మాత్రలు పదీ తూకంలో ఒకటే. కానీ ఏ స్టాకు మనిషీ ఆ రెండింటినీ ఒకటని రాయడు. నేను రాశాను. మేనరికపు ఇంట్లో పుట్టి, మేనరికం చేసుకుని కూడా, ఒకే జనం తమలో తాము పెళ్ళిళ్ళు చేసుకుంటే పాత చుట్టరికం కొత్తదానిలా కనిపిస్తుందని నేనే మర్చిపోయాను. అర్ఖాంగెల్స్క్ పల్లెలకూ ఫిన్లాండ్ పల్లెలకూ వెనక ఎప్పుడో కొందరు పూర్వీకులు ఒకరే. వాళ్ళ తునకలు వంద దారుల్లో రెండు వైపులా దిగాయి. నేను వాటిని కూడి వైనో అన్నాను.

కాఫీ చల్లారేలోపు ఈ సంగతంతా చెప్పేశాను. దాచడానికి లేదు, శుక్రవారానికి ఇంక ఒక్క రోజే ఉంది.

"అంటే వైనో కాదా?" అన్నారు ఐలీ గారు.

"కాదనీ చెప్పలేను. క్రిస్టీ దూరపు తరం, ఆమెకు ఆ ముక్కలు రాకపోయి ఉండవచ్చు. నేను ఉందన్న రుజువు మాత్రం లేదు. మీరు స్వయంగా పరీక్షకు ఇస్తే తేలిపోతుంది. గలీనా గారు నిజంగా వైనో మనవరాలైతే మీ ఇద్దరికీ ఎంత కలుస్తుందంటే, అప్పుడు నాలాంటివాడు కూడా తప్పు చేయలేడు."

"క్రిస్మస్‌కు పెట్టె ఇచ్చాను," అంది క్రిస్టీ. "సొరుగులో ఉంది. నా ఉమ్మి పోస్టులో పంపడమేమిటని తెరవలేదు."

ఐలీ గారు లేచి నా కప్పు నింపారు. చెయ్యి అడ్డం పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు.

రాయి దగ్గర

మర్నాడు పొద్దున సమాధుల దగ్గరికి తీసుకెళ్ళారు. పైన్ చెట్ల కింద బూడిదరంగు రాళ్ళు, పొడవాటి ఇంటిపేర్లు. ఐలీ గారి తల్లిదండ్రులు, ఒక చిన్న పిల్ల, చివర వైనో. 1908, ఒక గీత, తర్వాత నున్నటి రాయి. ఆ నున్నటి చోటును ఐలీ గారు బొటనవేలితో తుడిచారు. అలవాటుగా తుడిచే చోటని చూస్తేనే తెలుస్తోంది.

గలీనా గారు రాయి పక్కకు వచ్చి అన్నారు. "చెక్కించండి ఐలీ. ఇంక పరీక్ష వద్దు. నాకు తాత లేడు, మీకు ఏడు లేదు. ఇద్దరికీ సరిపోతుంది. ఎవరడుగుతారు?"

ఆ మాట అనడం ఆవిడకు ఎంత కష్టమో, ఎంత ఆశో నాకు తెలుసు. ఆ చుక్క ఒంటరిగా ఉందన్న మనిషి ఆవిడ.

ఐలీ గారు వంగి రాయి కింద గడ్డి పరకలు పీకారు. తర్వాత, "మా అమ్మ చచ్చేదాకా ఈ ఖాళీ ఖాళీగానే ఉంచింది. ఇంకొకరి ఏడు తెచ్చి పెట్టాలంటే తనే పెట్టేది. మీ తాతకు కూడా ఎక్కడో ఒక రాయి బాకీ ఉంది. ఆయన ఏడు తీసుకుని మా వాడికి పెడితే ఆయనకేం మిగులుతుంది?" అన్నారు.

ఇంటికి వచ్చి రాయి చెక్కే మనిషికి ఫోన్ చేసి రావద్దన్నారు. సొరుగు లాగి పెట్టె తీశారు. క్రిస్టీ కాగితం చదివింది. ఉమ్మి ఇచ్చే ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు.

"కాఫీ కూడానా?" అన్నారు ఐలీ గారు.

"కాఫీ కూడా."

ఆ అరగంట ఆ ఇల్లు ఎప్పుడూ చూసి ఉండదు. ఐలీ గారు గడియారం ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తోడుగా మేమూ మానేశాం. కెటిల్ మూత టకటకమంటోంది. "ఈ దేశంలో ఇలా ఎవరినీ హింసించలేదు," అన్నారు. గలీనా గారు పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. సమయం అయ్యాక గొట్టంలో గీత దాకా ఉమ్మి నింపడానికి ఇంకా చాలాసేపు పట్టింది. నోరెండిపోయిందట. మూత బిగించిన క్షణాన క్రిస్టీ కప్పు అందించింది.

బయలుదేరేటప్పుడు మాకు జున్ను పెట్టి ఇచ్చారు. పొయ్యి మీద కాల్చిన మచ్చలున్న జున్ను. కీచుమంది. మంచి జున్నే.

తిరిగి వచ్చాక

ఆకులు రంగు మారే వేళకు ఫలితం వచ్చింది. గలీనా గారి వంటింట్లో కూర్చుని చూశాం. ఐలీ గారికీ గలీనా గారికీ కలిసినవి కొన్ని పొట్టి ముక్కలు. అంతే. వైనో మనవరాలు కాదు. ఈసారి లెక్క రెండుసార్లు కాదు, నాలుగుసార్లు చూశాను.

గలీనా గారు ముక్కు తుడుచుకుని, "ఫోన్ నేను చేస్తాను. నువ్వు పక్కన ఉండు," అన్నారు. స్పీకరులో పెట్టారు. చెప్పేశారు. అవతల చెంచా కప్పుకు తగిలిన చప్పుడు వినిపించింది.

"లెక్కలాయన ఉన్నాడా?" అన్నారు ఐలీ గారు.

"ఉన్నానండీ."

"క్రిస్టీ ఏదో అంటోంది. లెంపీ మనవడు కూడా ఆ సైటులో ఉన్నాడట. వాడికీ నాకూ గలీనా కంటే ఎక్కువ కలుస్తోందట. నిజమేనా?"

చూశాను. నిజమే. చాలా ఎక్కువ. "రెండు మూడు పొడవాటి ముక్కలు కూడా ఉన్నాయండీ. దగ్గరి చుట్టాలే అయి ఉంటారు."

"అది నేను నిన్ను అడిగానా?" అన్నారు ఐలీ గారు.

గలీనా గారు ఏడుస్తూ నవ్వారు. అవతల కూడా నవ్వు వినిపించింది, దగ్గులాంటి పొట్టి నవ్వు. తర్వాత ఐలీ గారి గొంతు తగ్గింది. "మరి గలీనా, ఇప్పుడు నిన్ను ఏమనాలి? క్రిస్టీకి అత్తవని చెప్పి పెట్టాను."

"ఈ ప్రొఫెసర్ వాళ్ళలో అయితే ఏదో ఒకటి పిలవడం మొదలుపెడతారు, తర్వాత అదే నిలబడిపోతుంది," అన్నారు గలీనా గారు.

"పరీక్ష లేకుండానా?"

"పరీక్ష లేకుండానే. కాఫీ తాగుతూ చేయవచ్చు."

"అయితే మంచు పడేలోపు రా. వైనో కోసం రష్యాలో ఎవరిని అడగాలో మాకు ఎప్పుడూ తెలియలేదు. ఆ అక్షరాలు చదివేవాళ్ళు మా ఇంట్లో ఒక్కరూ లేరు. మీ తాత గురించి తెలిసినంతా తీసుకురా, ఇద్దరినీ కలిపే వెతుకుదాం."

గలీనా గారు వెళ్ళారు. అక్టోబరులో ఒకసారి, మళ్ళీ వసంతంలో. నన్ను రమ్మనలేదు, ఈ పనికి నా లెక్కతో అవసరం లేదు. వాళ్ళ పరిశోధన ఇంకా ఎక్కడికీ చేరలేదు. ఒక్కోసారి గోడ అవతల ఆవిడ ఫోనులో రష్యన్‌లో ఎవరినో ఓపికగా అడగడం వినిపిస్తుంది. వైనో పేరు అక్షరం అక్షరం విడదీసి చెప్పి, ఆ వెంటనే, తాత పేరు తెలియదు కనక, తన ఊరి పేరు చెబుతారు. క్రిస్టీ మొన్న రాయి ఫోటో పంపింది. 1908, గీత, నున్నటి రాయి. ఖాళీ అలాగే ఉంది. దాన్ని తుడిచే బొటనవేళ్ళు మాత్రం ఇప్పుడు రెండు.